యజమాని ఎదుట చెప్పిన జవాబు

ఒక మనిషి "నాకు ఇష్టమే" అన్నప్పుడు ఆ మాటను ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు నమ్మగూడదు? పైకి ఇది చాలా చిన్న ప్రశ్న. కాని మన బతుకులో చాలా భాగం దీనిమీదనే నిలబడి వుంది. భూముల రిజిస్ట్రేషన్లూ, కూలి ఒడంబడికలూ, పెళ్ళి సంబంధాలూ, పంచాయతీ ఎన్నికలూ, పరిశ్రమల కోసం జరిపే ప్రజాభిప్రాయ సేకరణలూ, వీటన్నిటికీ పునాది ఎవరో ఒకరు "సరే" అనడం. ఆ "సరే" నిజమైనదైతే కట్టడం న్యాయంగా నిలుస్తుంది. అది అబద్ధమైతే, సంతకాలూ సాక్షులూ ఎన్ని వున్నా జరిగింది దౌర్జన్యమే. కాకపోతే కాగితం మీద జరిగిన దౌర్జన్యం.

ఈ ప్రశ్నను నేను ఒక చిన్న తెరచాప ఓడ కథ ద్వారా పరిశీలించదలిచాను. నేను పాఠాలు చెప్పుకునేది ఇబ్రహీంపట్నంలో. మా వూరి పేరులో పట్నం వుంది గాని దరిదాపుల్లో సముద్రం లేదు. కుతుబ్‌షాహీ సుల్తాను ఇబ్రహీం (1550–1580) పేరుమీద వెలసిన వూరు ఇది. మా పిల్లలు ఎరిగిన పెద్ద నీరంతా ఆ కాలంనాటి చెరువే. ఓడ అనే మాట వాళ్ళకు పుస్తకాల్లోనే కనిపిస్తుంది. అయినా ఆ ఓడలో భోజనాల బల్ల దగ్గర జరిగిన ఒక తగాదా మా వూళ్ళకు పరాయిది కాదు. ఎందుకు కాదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ ఓడ పేరు బీగిల్. ఇంగ్లండులో, థేమ్సు నది ఒడ్డున వున్న వూలిచ్ ఓడల కార్ఖానాలో తయారై 1820 మే 11న నీళ్ళలోకి దిగింది. పొడవు 90 అడుగులు, వెడల్పు 25 అడుగులకు కాస్త లోపు. పది ఫిరంగులు మోయడానికి కట్టిన యుద్ధనౌక అది. ఆ తరహా ఓడలు బ్రిటిష్ నౌకాదళం వందకు పైగా కట్టించింది. తుపానుల్లో మునిగిపోయినవి అనేకం కావడంతో నావికులు వాటికి శవపేటికలని పేరు పెట్టారు. నెపోలియన్ యుద్ధాలు ముగిసిపోయినందువల్ల బీగిల్‌కు పుట్టగానే పని లేకపోయింది. 1825లో దానికి మూడో స్తంభం నిలిపి, ఫిరంగులు తగ్గించి, సముద్రతీరాలను కొలిచే పనికి మళ్ళించారు.

ఈ కొలతల పని జ్ఞానదాహంతో మొదలైంది కాదు. దక్షిణ అమెరికా దేశాలు స్పెయిన్, పోర్చుగల్ పట్టునుంచి అప్పుడప్పుడే బయటపడ్డాయి. ఆ రేవులన్నీ బ్రిటిష్ సరుకుకు తెరుచుకున్నాయి. సరుకు ఓడలు క్షేమంగా నడవాలంటే ఎక్కడ ఎంత లోతో, ఎక్కడ రాయి వుందో, ప్రవాహం ఎటు లాగుతుందో తెలియాలి. అందుకు పటాలు కావాలి. 1831 డిసెంబరు 27న బీగిల్ ప్లిమత్ నుంచి రెండోసారి బయలుదేరినప్పుడు, రేఖాంశాలు లెక్కగట్టడానికి అందులో 22 క్రోనోమీటర్లు వున్నాయి. ఆ 90 అడుగుల చెక్కమీద 74 మంది మనుషులు వున్నారు. కెప్టెన్ రాబర్ట్ ఫిట్జ్‌రాయ్‌కి 26 ఏళ్ళు. కెప్టెన్‌కు తోడుగా, ప్రకృతి పరిశీలకుడుగా చేరిన చార్లెస్ డార్విన్‌కు 22. విజ్ఞానశాస్త్రం ఆ ఓడలో అతిథిగా ప్రయాణం చేసింది. ఇంటి యజమాని మాత్రం వ్యాపారమే.

1832లో ఆ ఓడ బ్రెజిల్‌లోని బహియా రేవులో ఆగింది. బ్రెజిల్‌లో అప్పటికి బానిసత్వం చట్టబద్ధం. అది అక్కడ రద్దయింది 1888లో మాత్రమే. ఫిట్జ్‌రాయ్ ఒక పెద్ద బానిస యజమానిని చూసివచ్చాడు. ఆ యజమాని తన బానిసలను చాలామందిని పిలిపించి, మీరు సుఖంగా వున్నారా, మీకు స్వేచ్ఛ కావాలా అని అడిగాడట. అందరూ వద్దన్నారట. బానిసత్వాన్ని సమర్థిస్తూ కెప్టెన్ దీన్ని సాక్ష్యంగా చూపించాడు. డార్విన్ ఒక్క ప్రశ్న వేశాడు. యజమాని ఎదుట నిలబడి బానిస చెప్పిన జవాబుకు ఏమైనా విలువ వుంటుందా అని. కెప్టెన్ మండిపడ్డాడు. తన మాటనే శంకించేవాడితో ఇక కలిసి వుండడం కుదరదన్నాడు. ఓడ దిగిపోక తప్పదనే డార్విన్ అనుకున్నాడు. తక్కిన అధికారులు తమతో కలిసి భోజనం చెయ్యమని అతన్ని పిలిచారు. కొన్ని గంటలు గడిచాక ఫిట్జ్‌రాయ్ క్షమాపణ చెప్పి పంపించాడు. నలభై నాలుగేళ్ళ తర్వాత, 1876లో ఆత్మకథ రాసుకుంటూ డార్విన్ ఈ సంగతి మరవకుండా చేర్చాడు.

ఈ తగాదాలో మనం గమనించవలసింది ఫిట్జ్‌రాయ్ కోపం కాదు, అతని తర్కం. అతను అబద్ధమాడలేదు. యజమాని అడగడం నిజం, బానిసలు వద్దనడమూ నిజమే కావచ్చు. పొరపాటు మరొక చోట వుంది. జవాబు ఎక్కడ పుట్టిందో ఆ స్థలాన్ని జవాబులోంచి తీసివేసి, మిగిలిన ఒక్క మాటను మాత్రం సాక్ష్యంగా పట్టుకొచ్చాడు. ఏ ప్రాణినైనా అది బతికే చోటునుంచీ, తినే తిండినుంచీ, దాన్ని తినవచ్చే శత్రువునుంచీ విడదీసి అర్థం చేసుకోలేమని తర్వాతి కాలంలో డార్విన్ ప్రపంచానికి నేర్పాడు. మనిషి నోటి మాటకూ అదే సూత్రం వర్తిస్తుంది. బానిస "వద్దు" అన్నప్పుడు ఆ మాట స్వేచ్ఛను గురించి చెప్పడం లేదు. కొరడాను గురించి చెబుతున్నది.

ఇంతవరకూ చెప్పి డార్విన్‌ను మెచ్చుకుని ఆగిపోతే మనం సగం నిజం దగ్గర ఆగినట్టే. ఆ ప్రశ్న అతను ఎందుకు వెయ్యగలిగాడు? మంచివాడు కాబట్టి అన్న జవాబు చాలదు. అతని కుటుంబంలో తాతల కాలంనుంచీ బానిసత్వ వ్యతిరేకత వుంది. ఎడింబరోలో చదువుకునేటప్పుడు పక్షుల చర్మాలు పాడవకుండా నిలవచేసే విద్యను అతనికి నేర్పినవాడు జాన్ ఎడ్మన్‌స్టన్, గయానాలో బానిసత్వం నుంచి విముక్తి పొందిన నల్లజాతి మనిషి. ఇవన్నీ కారణాలే. కాని వీటికి మించిన కారణం ఒకటి వుంది. డార్విన్ నౌకాదళం జీతగాడు కాదు. అతని ఖర్చులు భరించేది తండ్రి. ఓడ దిగిపొమ్మంటే దిగి మరో ఓడెక్కి ఇంటికి పోగలడు. ప్రయాణం మొదలైన మర్నాడే, క్రిస్మస్ నాడు తాగి గొడవచేశారని ఇదే కెప్టెన్ కొందరు నావికులకు కొరడా దెబ్బలు కొట్టించాడు. ఆ నావికుల్లో ఒకడికి డార్విన్ ప్రశ్న తోచలేదని ఎవరు చెప్పగలరు? తోచినా అతను దాన్ని బయటికి అనగలడా? కెప్టెన్‌ను ఎదిరించి మాట్లాడగల స్వేచ్ఛ ఆ ఓడలో ఒక్కడికే వుంది. అతనే ఆ ప్రశ్న అడిగాడు. స్వేచ్ఛగా మాట్లాడడం గుణం మాత్రమే కాదు, అదొక స్థితి కూడా. మాట్లాడినందువల్ల తిండి పోదన్న భరోసా వుంటేనే ఆ గుణం బయటపడుతుంది.

"మౌనం అర్ధాంగీకారం" అని మనకొక సామెత వుంది. ఈ సామెత కల్పించినవాడు అడిగేవాళ్ళలోని వాడే గాని, జవాబు చెప్పవలసినవాళ్ళలోని వాడు కాడని నా అనుమానం. పెళ్ళిచూపుల్లో తలవంచుకుని కూర్చున్న పిల్ల మౌనం ఎన్ని తరాలుగా అంగీకారం కింద జమ పడుతున్నదో లెక్కలేదు. ఉపాధ్యాయులకు మరీ దగ్గరి ఉదాహరణ ఒకటి వుంది. పాఠం చెప్పి "అర్థమైందా?" అని అడిగితే అరవైమంది పిల్లలూ ఒక్క గొంతుతో "అర్థమైంది సార్!" అంటారు. ఆ కేకను నమ్మే ఉపాధ్యాయుడు ఏ బడిలోనూ వుండడు. కాలేదంటే ఏమవుతుందో పిల్లలకు తెలుసు. వాళ్ళకు తెలుసునని మనకూ తెలుసు. ఇంత తెలిసినవాళ్ళం తరగతి గది దాటి బయటికి రాగానే మాత్రం సంతకాలను చూసి తృప్తిపడతాం.

తెలంగాణలో ఒకప్పుడు దొర ఏది అడిగినా జవాబుకు ముందు "నీ బాంచెన్, కాల్మొక్త" అనే మాట వచ్చేది. గడీ ముందు నిలబడిన వెట్టివాణ్ణి "నీకేం కష్టమున్నది రా?" అని అడిగితే, "మీ దయవల్ల ఏం లేదు దొరా" అనే జవాబు తప్ప మరొకటి వచ్చే వీలుందా? ఆ జవాబులన్నీ పోగుచేసి పుస్తకం వేస్తే నిజాం రాజ్యంలో కష్టమనేదే లేదని రుజువయ్యేది. అయితే 1946–51 నాటి సాయుధ పోరాటంలో అవే గ్రామాలవాళ్ళు అదే ప్రశ్నకు వేరే జవాబు చెప్పారు. వాళ్ళ మనసులు రాత్రికి రాత్రి మారిపోయాయా? లేదు. మనసులో వున్నది ముందునుంచీ వున్నదే. మారింది పక్కన నిలబడే మనుషుల సంఖ్య. సంఘం వచ్చింది. ఒక్కడు కాదంటే చావుదెబ్బలు, వూరంతా కాదంటే దొరే పట్నం పారిపోవలసి వచ్చింది.

ఇక్కడ ఒక వాదం ఎదురవుతుంది. బానిస సంగతి వేరు, వెట్టి సంగతి వేరు. అక్కడ కొరడా కనిపిస్తున్నది. కొరడా లేనిచోట, నలుగురి ముందు చదివి వినిపించిన ఒప్పందానికి కూలివాడు తనంత తాను ఒప్పుకుంటే దాన్నెందుకు శంకించాలి? ఈ వాదాన్ని పరీక్షించడానికి బీగిల్ వెంటనే మరికొంత దూరం పోవాలి. అక్కడ మన తెలుగువాళ్ళే ఎదురవుతారు.

తిరుగు ప్రయాణంలో ఆ ఓడ 1836 ఏప్రిల్ 29న మారిషస్ దీవిలోని పోర్ట్ లూయీ రేవు చేరి మే 9 దాకా వుంది. భారతదేశంనుంచి ప్రవాసశిక్ష పడి వచ్చి రోడ్లు వేస్తున్న ఖైదీలను డార్విన్ అక్కడ చూశాడు. వాళ్ళ ముఖాల్లోని గాంభీర్యం చూసి ఆశ్చర్యపడ్డాడు. ఆ దీవిలో 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. బ్రిటిష్ పార్లమెంటు తన వలసలన్నిటిలోని బానిస యజమానులకు 2 కోట్ల పౌన్లు నష్టపరిహారం ఇచ్చింది. బానిసలకు ఒక్క పెన్నీ ఇవ్వలేదు. చెరకు తోటలకు కొత్త మనుషులు కావాలి. 1834 నవంబరు 2నే అట్లాస్ అనే ఓడ 36 మంది భారతీయ కూలీలను అక్కడ దింపింది. ఆ తర్వాత 20వ శతాబ్దం తొలి దశకాల వరకు నాలుగున్నర లక్షలకు పైగా మనుషులు ఇట్లా ఒప్పందం మీద ఆ దీవికి వెళ్ళారు. వాళ్ళు మెట్లెక్కి పైకి వచ్చిన రేవు ఆప్రవాసీ ఘాట్ పేరుతో 2006లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది.

ఆ మనుషుల్లో తెలుగువాళ్ళూ వున్నారు. గోదావరి ముఖద్వారంలో, నేటి కాకినాడ జిల్లా తాళ్ళరేవు మండలంలో వున్న కోరంగి వాళ్ళు ఎక్కిన రేవు. తెరచాప ఓడలు కట్టడంలో పేరుమోసిన చోటు అది. ఆ రేవునుంచి ఎంతమంది వెళ్ళారంటే బర్మాలోనూ మారిషస్‌లోనూ తెలుగువాడికి కోరంగివాడనే పేరే స్థిరపడింది. ఆ రేవు పేరు పెట్టుకున్న కోరంగి పాకెట్ అనే ఓడ 1845లో ఆస్ట్రేలియా తూర్పున పగడాల సముద్రంలో బద్దలైంది. అక్కడి చిన్న దీవులకు నేటికీ కోరింగా అనే పేరే. సముద్రాన్ని కొలిచినవాళ్ళ పేర్లు పటాల మీద కొండలకూ జలసంధులకూ నిలిచాయి. సముద్రం దాటిన కూలీల రేవు పేరు, ఓడ పగిలిన చోట నిలిచింది.

వీళ్ళు ఇష్టపడి వెళ్ళారా? కాగితం ప్రకారం వెళ్ళారు. 1837 నాటి చట్టం ప్రకారం ప్రతి కూలీ, అతన్ని తీసుకుపోయే ఏజెంటూ ఇద్దరూ ఒక ప్రభుత్వాధికారి ఎదుట హాజరు కావాలి. షరతులు రాతపూర్వకంగా చూపాలి. ఐదేళ్ళ ఒప్పందం. నెలకు ఐదు రూపాయలు, పైన తిండిగింజలు. కూలీ తల ఊపుతాడు. తర్వాత తోటలో ఒకరోజు పని మానితే రెండు రోజుల కూలి కోసివేసే పద్ధతి వున్నదని అతనికి ఓడ దిగాక తెలుస్తుంది. ఆ అధికారి గదిలో కొరడా లేదు, నిజమే. కాని ఆ గదిలోకి అడుగుపెట్టడానికి ముందు కూలీ ఎక్కడ వున్నాడు?

1832–33లో, నందన నామ సంవత్సరంలో, ఉత్తర సర్కారుల్లో కరువు వచ్చింది. డొక్కల కరువని జనం దానికి పేరు పెట్టారు. ఒక్క గుంటూరు జిల్లాలోనే 5 లక్షల జనంలో 2 లక్షలమంది దాకా పోయారని ఆనాటి అంచనాలు. 1839 నవంబరు తుపానులో ఉప్పెన వచ్చి కోరంగి రేవే దెబ్బతిన్నది. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7 లక్షల 38 వేలు వుంటే 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ధవళేశ్వరం ఆనకట్ట పని ఇంకా మొదలు కానేలేదు, అది 1847లో మొదలైంది. పన్ను వసూలు మాత్రం ఆగలేదు. అటువంటి చోటునుంచి నడిచి వచ్చిన మనిషిని, వెళ్ళడం నీకు ఇష్టమేనా అని అడిగారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి వున్నవాణ్ణి నూతిలోకి దూకడం ఇష్టమేనా అని అడిగినట్టు. అతని యజమాని ఆ గదిలో లేడు. అతని కడుపులో వున్నాడు.

ఈ వలసలమీద ఆరోపణలు పెరిగి 1838లో కలకత్తాలో ఒక విచారణ సంఘం ఏర్పడింది. కూలీలను మభ్యపెట్టి, మోసపుచ్చి తీసుకుపోయారని అందులో అధికసంఖ్యాకులు 1840లో నివేదిక ఇచ్చారు. జె.పి. గ్రాంట్ అనే సభ్యుడు విభేదించాడు. లోపాలుంటే సరిదిద్దాలి గాని కూలీల బాగుకు పనికొచ్చే వలసను ఆపరాదని అతని వాదం. ఈ వాదాన్ని మనం తేలికగా తోసివెయ్యగూడదు. ఇక్కడ చావడంకంటె అక్కడ బతకడం మేలు కాదా? ఎంతోమందికి మేలే అయివుండవచ్చు. వాళ్ళ సంతానం ఆ దీవిలో నిలదొక్కుకున్నది, భాషనూ పండగలనూ నిలుపుకున్నది. అయినా మేలు జరగడం వేరు, అనుమతి ఇవ్వడం వేరు. మునిగిపోయేవాడు దుంగను పట్టుకున్నాడంటే అతను దుంగను ఎంచుకున్నాడని కాదు. ఆ దుంగకు అద్దె వసూలు చేసేవాడు "ఇతనే ఇష్టపడి పట్టుకున్నాడు" అని వాదిస్తే అది నీతి కాదు, వ్యాపారం. పైగా ఆ మనిషిని నీళ్ళలోకి తోసిన రాజ్యమే ఆ అద్దెకు పూచీ పడింది.

ఇప్పుడు అసలు చిక్కు వస్తుంది. బానిస మాటకు విలువ లేదన్నాం. వెట్టివాడి మాటకు లేదన్నాం. ఆకలిగొన్నవాడి మాటకూ లేదన్నాం. అయితే పేదవాడు చెప్పే ఏ మాటకూ విలువ లేదా? అతని తరఫున మంచి చెడ్డలు మనమే నిర్ణయించాలా? ఇక్కడే అభ్యుదయవాదులు కాలు జారే ప్రమాదం వుంది. ప్రజల మాట దొరకు భయపడి చెప్పిందని కొట్టివేసి, ఆ ఖాళీలో తమ మాట పెట్టేవాళ్ళు చరిత్రలో తక్కువమంది కారు. విచిత్రమేమంటే ఈ ప్రమాదానికి తగిన పాఠం కూడా ఆ చిన్న ఓడలోనే వుంది.

మారిషస్ చేరడానికి ఆరేళ్ళ ముందు, బీగిల్ మొదటి యాత్రలో, దక్షిణ అమెరికా కొసన వున్న టియెర్రా డెల్ ఫ్యుగోలో ఓడకు చెందిన ఒక పడవను అక్కడివాళ్ళు ఎత్తుకుపోయారు. ఫిట్జ్‌రాయ్ కొందరిని బందీలుగా పట్టాడు. చివరికి నలుగురిని ఇంగ్లండుకు తీసుకుపోయాడు. వాళ్ళలో ఒక పిల్లవాడు ఒరుండెల్లికో. అతని బదులుగా ఒక ముత్యపుచిప్ప బొత్తాం ఇచ్చారు గనక జెమ్మీ బటన్ అని పేరు పెట్టారు. నలుగురిలో ఒకడు మశూచితో చచ్చిపోయాడు. తక్కిన ముగ్గురికీ ఇంగ్లీషూ, క్రైస్తవమూ, కత్తి ముళ్ళతో తినడమూ నేర్పారు. 1831లో రాజుగారికీ రాణిగారికీ చూపించారు. ఫిట్జ్‌రాయ్ దుర్మార్గుడు కాదు. సొంత డబ్బు ఖర్చుపెట్టాడు, వాళ్ళను మళ్ళీ వాళ్ళ దేశంలో దింపుతానన్న మాట నిలబెట్టుకున్నాడు. వాళ్ళ మేలు తనకు తెలుసునని మాత్రం అతనికి సందేహం లేకపోయింది.

1833 జనవరిలో ముగ్గురినీ ఒక పాదిరీతో సహా ఊల్యా అనే చోట దింపారు. పాదిరీ కొద్ది రోజులకే బెదిరి ఓడెక్కాడు. 1834 మార్చిలో బీగిల్ మళ్ళీ అక్కడికి వచ్చినప్పుడు ఒక చిన్న పడవ ఎదురువచ్చింది. అందులో చిక్కిపోయి, జుట్టు పెరిగి, మొలకు చిన్న గుడ్డతో జెమ్మీ వున్నాడు. చూసినవాళ్ళ మనసు తరుక్కుపోయింది. ఓడమీద బట్టలు ఇచ్చారు, భోజనం పెట్టారు. మళ్ళీ ఇంగ్లండుకు వస్తావా అన్న మాట వచ్చింది. తినడానికి తనకు కావలసినంత వుందనీ, వెళ్ళాలని లేదనీ అతను చెప్పాడు. పక్కన పడవలో అతని భార్య, భర్తను మళ్ళీ తీసుకుపోతారేమోనని ఏడుస్తూ కూర్చున్నది. మిత్రులకు నీటికుక్క తోళ్ళూ, డార్విన్‌కు ఈటెమొనలూ కానుకగా ఇచ్చి, అతను పడవ దిగి ఒడ్డున మంట వేసి వీడ్కోలు చెప్పాడు.

బానిసలు వద్దన్నారు. జెమ్మీ వద్దన్నాడు. రెండూ ఒకే మాట. రెండిటినీ విన్నది ఒకే కెప్టెన్. కాని మొదటి జవాబుకు విలువ లేదు, రెండోదానికి వుంది. తేడా ఎక్కడ? జెమ్మీ ధైర్యవంతుడూ, బానిసలు పిరికివాళ్ళూ అని కాదు. ఓడ పక్కన జెమ్మీ పడవ వుంది. పడవలో తనవాళ్ళు వున్నారు. ఒడ్డు తన ఒడ్డు. తిండి తన చేతికి అందుబాటులో వుంది. కాదన్నాక వెనక్కి పోవడానికి అతనికి దారి వుంది. అవుననగలిగినవాడు కాదనగలిగితేనే ఆ రెండు మాటలకూ విలువ. జెమ్మీ జవాబు అతని మేలు ఎరిగినవాళ్ళమనుకున్న అందరికీ చెంపపెట్టు. ఆ చెంపపెట్టు డార్విన్‌కు కూడా తగలాలి. బానిస నోరు ఎందుకు మూతపడిందో కనిపెట్టిన అదే మనిషి, ఫ్యుగో ప్రజలను మానవజాతిలో అట్టడుగువాళ్ళుగా రాశాడు. ఒకచోట కళ్ళు తెరిచి చూసినవాడు మరొకచోట తన కాలం కళ్ళజోడు తియ్యలేకపోయాడు.

కాబట్టి పేదవాడి మాటను కొట్టివెయ్యడం పరిష్కారం కాదు. అడిగే పద్ధతిని మార్చాలి, అతని పక్కన పడవ వుండేటట్టు చూడాలి. మన దేశంలో చట్టం ఈ సత్యాన్ని కొంతవరకు గుర్తించింది. 1977లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన చట్టం, ప్రభుత్వం నిరుపేదకు ఇచ్చిన అసైన్డు భూమిని అతను అమ్మినా ఆ అమ్మకం చెల్లదన్నది. కొన్నవాడు "అతనే ఇష్టపడి అమ్మాడు" అంటే లాభం లేదు. కూతురి పెళ్ళికో, ఆసుపత్రి ఖర్చుకో లావణి పట్టా చేతులు మారడం మా ప్రాంతంలో ఎరుగనివాళ్ళు లేరు గనక ఈ నిషేధం ఎందుకు వచ్చిందో మాకు వివరించనక్కరలేదు. 1982లో, ఆసియా క్రీడల కట్టడాల దగ్గర పనిచేసిన కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసింది. కనీస వేతనం కంటె తక్కువకు ఎవరైనా పనిచేస్తున్నారంటే, ఆకలీ పేదరికమూ చేసే నిర్బంధమే అతనిచేత ఆ పని చేయిస్తున్నదనీ, రాజ్యాంగంలోని 23వ అధికరణం ప్రకారం అది నిర్బంధ శ్రమేననీ జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు చెప్పారు. బహియా తగాదాకు 150 ఏళ్ళ తర్వాత ఒక న్యాయస్థానం డార్విన్ ప్రశ్నను డార్విన్ కంటె దూరం తీసుకుపోయింది. యజమాని ఎదుట లేకపోయినా, ఆకలి ఎదుట వున్నా చాలునన్నది.

తీర్పులు అట్లా వున్నాయి. ఆచరణ ఎట్లా వుంది? 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీలకోసం భూమి తీసుకోవాలంటే భూమి పోయే కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్య పథకాలకైతే 70 శాతం ఒప్పుకోవాలి. ఆ తర్వాత తెలంగాణతో సహా కొన్ని రాష్ట్రాలు సవరణలు చేసుకుని కొన్ని రకాల పథకాలను సామాజిక ప్రభావ అంచనా వంటి నియమాలనుంచి తప్పించాయి. కాని శాతాల లెక్కకు ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి వుంది. ఆ సభ జరిగినప్పుడు వేదికమీద ఎవరున్నారు? వెనక ఎంతమంది పోలీసులున్నారు? ఇవ్వనన్న రైతు ఆ సాయంత్రం ఇంటికి ఎట్లా పోయాడు? పంచాయతీ ఎన్నికల్లో ఏకగ్రీవాలకు ప్రభుత్వాలే నజరానాలు ప్రకటించడం మనం చూశాం. ఏకగ్రీవం అంటే ఒకే గొంతు. వూళ్ళో పదిమంది పెద్దలు కూర్చుని, పోటీకి దిగదలుచుకున్న దళిత యువకుణ్ణి పిలిపించి "నీకు ఇష్టమేనా?" అని అడిగి, అతను తల ఊపాక వినిపించే ఒకే గొంతు ఎవరిది?

ఇది ప్రభుత్వాల మీదా పెత్తందార్ల మీదా చెప్పి వూరుకునే మాట కాదు. మన సంఘాల సభల్లోనూ తీర్మానాలు ఏకగ్రీవంగా ఆమోదం పొందుతాయి. చేతులన్నీ ఒక్కసారిగా లేస్తాయి. అధ్యక్షస్థానంలో వున్నవాడు ఆ చేతులను చూసి సంతోషించడానికి ముందు, చెయ్యి ఎత్తనివాడికి ఈ గదిలో చోటు వుందా అని ఆలోచించాలి. విద్యార్థి తన ఉపాధ్యాయుడి ఎదుట, కార్యకర్త తన నాయకుడి ఎదుట, భార్య తన అభ్యుదయవాది భర్త ఎదుట చెప్పే "సరే" కూడా యజమాని ఎదుట చెప్పిన జవాబు కావచ్చు. మన ఉద్దేశాలు మంచివి కావడం ఇక్కడ ఏ భరోసా ఇవ్వదు. ఫిట్జ్‌రాయ్ ఉద్దేశాలూ మంచివే.

బీగిల్ 1845లో ఎసెక్స్ నదీముఖంలో దొంగరవాణాను కనిపెట్టే కాపలా ఓడగా లంగరు వేసింది. 1870లో పాత చెక్క కింద అమ్ముడుపోయింది. అది కొలిచి తెచ్చిన లోతులను తర్వాతి ఓడలు మళ్ళీ కొలిచాయి, దిద్దుకున్నాయి. దాని భోజనాల బల్ల దగ్గర పుట్టిన ప్రశ్నను మాత్రం మనం ప్రతిచోటా మళ్ళీ మొదటినుంచీ అడగవలసే వస్తున్నది. ఎవరైనా "వాళ్ళే ఒప్పుకున్నారు" అంటే, ఒప్పుకున్నారా లేదా అని తర్కించడం తర్వాతి సంగతి. ఎవరి ఎదుట ఒప్పుకున్నారు, కాదంటే ఏమయ్యేది, కాదన్నాక వెళ్ళడానికి వాళ్ళకు పడవ వుందా అన్నవి ముందు తేలాలి. పడవ లేకపోతే, వాళ్ళ మాటకు మన మాటను అడ్డువెయ్యడం మన పని కాదు. పడవ కట్టడంలో చెయ్యివెయ్యడం మన పని. కూలి చట్టాలూ, భూమి హక్కులూ, సంఘాలూ, చదువూ ఆ పడవ చెక్కలే. అది సిద్ధమయ్యాక వాళ్ళు అవునంటారో కాదంటారో వాళ్ళ ఇష్టం. ఆ జవాబు మనకు నచ్చకపోవచ్చు. అయినా అప్పుడు చెప్పేదే జవాబు.